డీఎన్ఏకి జరిగేది మరమ్మతా, దిద్దుబాటా, సవరణా?

ప్రశ్న:
రసాయనికంగా దెబ్బతిన్న డీఎన్ఏని ఎంజైములు ఎలా బాగుచేస్తాయో ఒక వ్యాసం రాస్తున్నాను. ఒకచోట ‘మరమ్మతు’ అన్నాను, ఇంకోచోట ‘దిద్దుబాటు’, మరోచోట ‘సవరణ’. ఒకే మాట పదేపదే వస్తే విసుగని మార్చి మార్చి వాడాను. ఫరవాలేదా? పైగా ‘మరమ్మతు’ ఉర్దూ నుంచి వచ్చిన మాట కదా, దాని బదులు మన మాట ఏదైనా ఉందా?

జవాబు:
కథలో అయితే మార్చి మార్చి వాడండి. ఇక్కడ వద్దండీ. ఈ మూడు మాటలకీ మూడు వేరువేరు పనులున్నాయి.

‘సవరణ’ని ముందే పక్కన పెట్టేద్దాం. జన్యు సవరణ అనగానే జన్యువుల్ని కోసి మార్చే పరికరం క్రిస్పర్‌తో మనిషి పనిగట్టుకుని చేసే మార్పే గుర్తొస్తుంది. ఆ మాట ఆ పనికి స్థిరపడిపోయింది.

అసలు తేడా మిగతా రెండింటి మధ్య ఉంది. పుస్తకంలో పుట చినిగితే అతికిస్తాం, అచ్చుతప్పు పడితే దిద్దుతాం. డీఎన్ఏలోనూ అంతే. అందులో ఎ, టి, జి, సి (ఎడినిన్, థైమిన్, గ్వానిన్, సైటోసిన్) అని నాలుగు అక్షరాలుంటాయి, ఎకి టి, జికి సి జత. నకలు తీసే ఎంజైము పాలిమరేజ్ ఒక్కోసారి సి పెట్టాల్సిన చోట టి పెడుతుంది. ఆ టిలో రసాయనికంగా ఏ లోపమూ లేదు, ఉండకూడని చోట ఉందంతే. పాలిమరేజే వెనక్కి వచ్చి దాన్ని తీసేస్తుంది. దాని కన్నుగప్పి మిగిలిన తప్పుల్ని పట్టుకోవడానికి ఇంకో ఎంజైముల బృందం ఉంది, దాని పనితీరు తేల్చినవారు పాల్ మోడ్రిచ్. ఇదంతా దిద్దుబాటు.

మీ వ్యాసం విషయం అది కాదు. ఎవరూ నకలు తీయకపోయినా డీఎన్ఏ తనంతట తాను చెడుతూ ఉంటుంది. కణంలో ఉన్న నీరే చాలు. సైటోసిన్ మీది అమైనో సమూహం నీటి వల్ల ఊడిపోతే అది యురాసిల్ అవుతుంది. మన ఒక్కో కణంలో రోజుకి వందకు పైగా సైటోసిన్లు ఇలా మారతాయని, ఎడినిన్, గ్వానిన్ వంటి ప్యూరిన్లు సుమారు 10,000 దాకా మొత్తంగా ఊడిపోతాయని అంచనా. అణువు ఇంత బలహీనమైనదైతే బాగుచేసేది కూడా లోపలే ఉండాలని టోమస్ లిండాల్ వెతికారు. యురాసిల్‌ని పట్టి తీసేసే ఎంజైము 1974లో ఇ. కోలై బాక్టీరియాలో దొరికింది. ఈయనకీ, మోడ్రిచ్‌కీ, డీఎన్ఏ మరమ్మతు మీదే పనిచేసిన అజీజ్ సాంకార్‌కీ కలిపి 2015లో రసాయనశాస్త్ర నోబెల్ ఇచ్చారు.

యురాసిల్ డీఎన్ఏలో ఉండాల్సిన అక్షరమే కాదు, అందుకే ఎంజైముకి దొరికిపోతుంది. కానీ దాన్ని తీసేలోపు నకలు జరిగిందనుకోండి, పాలిమరేజ్ దాన్ని టి అనే చదివి ఎదురుగా ఎ పెడుతుంది. ఆ తర్వాతి నకలుకి అక్కడ నికార్సైన టి–ఎ జత వచ్చేస్తుంది. అదే ఉత్పరివర్తనం (మ్యూటేషన్). ఇక అందులో చెడినదేమీ లేదు, కాబట్టి దాన్ని తప్పని గుర్తుపట్టడం ఏ ఎంజైముకీ సాధ్యం కాదు. ‘ఉత్పరివర్తనాలను ఎంజైములు మరమ్మతు చేస్తాయి’ అన్న వాక్యం చాలాచోట్ల కనిపిస్తుంది. మీ వ్యాసంలోనూ ఉంటే కొట్టేయండి. మరమ్మతు జరిగేది ఉత్పరివర్తనం కాకముందే.

‘మరమ్మతు’ వచ్చింది ఎక్కడి నుంచైనా అది ఇప్పుడు మన మాటే, ఉంచేయండి. శీర్షికకి నామవాచకం కావాలి, అది సరిపోతుంది. వ్యాసం లోపల మాత్రం క్రియలు వాడి చూడండి, ఈ విషయానికి తెలుగు క్రియలు ఎంత చక్కగా కుదురుతాయో! క్షారం (పైన అక్షరం అన్నది దీన్నే) చెడుతుంది, ఊడుతుంది, డీఎన్ఏ మెలికలోని రెండు పోగుల్లో ఒక పోగు తెగుతుంది, ఎండ తగిలి పక్కపక్కనున్న రెండు థైమిన్లు అతుక్కుపోతాయి. అన్నింటికీ ‘నష్టం వాటిల్లుతుంది’ అని రాస్తే పాఠకుడికి ఏమీ కనిపించదు. బాగుచేయడమూ అంతే. గ్లైకోసిలేజ్ చెడిన క్షారాన్ని మెలిక లోపలి నుంచి బయటికి తిప్పి పీకేస్తుంది. ఖాళీ అయిన చోట ఎండోన్యూక్లియేజ్ పోగుని తెంపుతుంది. పాలిమరేజ్ సరైన అక్షరంతో ఖాళీని పూడుస్తుంది. లైగేజ్ అతుకుతుంది. పీకడం, తెంపడం, పూడ్చడం, అతకడం... ‘క్షార ఉచ్ఛేదన పునరుద్ధరణ’ (బేస్ ఎక్సిషన్ రిపేర్) అన్నదానికన్నా ఇవే నయం అంటాను నేను.

మరొకరు:
చిన్న మాట. చాలామంది ‘మరమ్మత్తు’ అని రాస్తున్నారు. అరబ్బీ మూలంలో ఒత్తు మకారానికే. ‘మరమ్మతు’ అనే రాయాలి, మత్తుకీ దానికీ సంబంధం లేదు.

ప్రశ్న అడిగినవారు:
ధన్యవాదాలండీ, నా వ్యాసంలో ఆ తప్పు వాక్యం రెండుచోట్ల దొరికింది. మీరు చెప్పిన క్రియలన్నీ కోసి కొత్తది వేసే పద్ధతికి సరే. ఎంజీఎంటీ అనే ఎంజైము అలా కోయదట. దాన్ని ‘ఆత్మహత్యా ఎంజైము’ అని రాశాను, చెవికి ఇబ్బందిగా ఉంది.

జవాబు:
ఇబ్బంది చెవికే కాదు, అర్థానికీ ఉంది. గ్వానిన్ మీది ఆక్సిజన్‌కి మిథైల్ సమూహం (ఒక కార్బన్, మూడు హైడ్రోజన్లు) అంటుకుంటే అది సికి బదులు టితో జతకడుతుంది. ఎంజీఎంటీ ఏదీ కోయకుండా ఆ మిథైల్‌ని లాగి తనలోని అమైనో ఆమ్లాల్లో ఒకటైన సిస్టీన్‌కి తగిలించుకుంటుంది. ఆ బంధం మళ్లీ ఊడదు. ఆ అణువు ఇంకెందుకూ పనికిరాదు, కణం దాన్ని ముక్కలు చేసేస్తుంది. ఒక్క మిథైల్‌కి ఒక ప్రోటీను మొత్తం ఖర్చు! చర్య అయ్యాక మారకుండా బయటపడి మళ్లీ పనికి దిగేదాన్నే ఎంజైము అంటాం కాబట్టి, గట్టిగా మాట్లాడితే ఇది ఎంజైమే కాదు. ‘ఆత్మాహుతి’ భావానికి దగ్గరే, కానీ ఆ మాటని బాంబు దాడులు ఎత్తుకుపోయాయి. ‘ఒక్కసారికే పనికొచ్చే ప్రోటీను’ అని విడమరిచి రాస్తే పోతుంది.

దీని గురించి ఒక వాక్యం చేర్చండి. గ్లయోబ్లాస్టోమా అనే మెదడు క్యాన్సర్‌కి ఇచ్చే టెమోజోలోమైడ్ సరిగ్గా ఆ ఆక్సిజన్ మీదే మిథైల్‌ని అంటించి కణాన్ని చంపుతుంది. కణితిలో ఎంజీఎంటీ జన్యువు మూగబోయి ఉంటే మందు బాగా పనిచేస్తుంది. ఇక్కడ మరమ్మతు రోగికి శత్రువు.

కోయకుండా బాగుచేసేవి ఇంకా ఉన్నాయి. ఆల్క్‌బీ అనే ఎంజైము ఇనుము, ఆక్సిజన్ల సాయంతో మిథైల్‌ని ఫార్మాల్డిహైడ్‌గా మార్చి వదిలించుకుంటుంది, తాను చెక్కుచెదరదు. ఫోటోలయేజ్ అయితే నీలికాంతి శక్తిని పట్టుకుని, అతుక్కున్న థైమిన్లని విడదీస్తుంది. మనకి అది లేదు, మావి ఉన్న క్షీరదాలు వేటికీ లేదు. అందుకే మన కణాలు అతుకు ఉన్నచోట సుమారు 30 అక్షరాల ముక్కని కోసి తీసేసి కొత్తగా నింపుకుంటాయి. ఆ కోత పని పుట్టుకతోనే చేతకానివాళ్లకి ఎండ తగిలిన చర్మంలో క్యాన్సర్లు వస్తాయి.

మరొకరు:
మీ విభజన బాగుంది గానీ ఒక చిక్కు. ఆక్సీకరణతో చెడిన గ్వానిన్ ఎదుట నకలులో పొరపాటున ఎ వచ్చి కూర్చుంటుంది. మ్యూటీ‌వైహెచ్ అనే ఎంజైము ఆ ఎ‌ని పీకేస్తుంది. చెడింది గ్వానిన్ అయితే పీకింది నిక్షేపంలాంటి ఎడినిన్‌ని. ఇది మరమ్మతా, దిద్దుబాటా?

జవాబు:
మంచి ప్రశ్న వేశారు. ఎ పదార్థంగా బాగానే ఉంది, కూర్చున్న చోటే తప్పు, కాబట్టి దాన్ని పీకడం దిద్దుబాటు. ఆ ఖాళీలో సి వచ్చాక ఓజీజీ1 అనే ఇంకో ఎంజైము అవతలి పోగులోని చెడిన గ్వానిన్‌ని తీసేస్తుంది. అది మరమ్మతు. ఈ వరుసే జరగాలి. సి రాకముందే గ్వానిన్‌ని తీసేస్తే ఎదుటనున్న ఎ‌ని చూసి అక్కడ పాలిమరేజ్ టి నింపేస్తుంది, తప్పు శాశ్వతమవుతుంది. అందుకే ఓజీజీ1 ఎదురుగా సి ఉన్నప్పుడే చురుగ్గా పనిచేస్తుంది, ఎ ఉంటే దాదాపు ముట్టుకోదు.