నీళ్లతో కారు నడుస్తుందంటున్నాడు మా బావమరిది, నమ్మొచ్చా?

తెనాలివాడు:
నాది 2011 నాటి చిన్న పెట్రోలు కారు. రోజూ గుంటూరు పోయి రావాలి, లీటరుకు పద్నాలుగు దాటట్లేదు. మా బావమరిది ఒక వీడియో చూపించాడు. బానెట్ కింద స్టీలు డబ్బా, అందులో నీళ్లు, బ్యాటరీ వైర్లు తగిలిస్తే బుడగలు. ఆ గ్యాసు గొట్టంలోంచి ఇంజన్‌లోకి పోతుంది, సగం పెట్రోలు మిగులుతుందట. బిగింపుతో కలిపి 18 వేలు. గడ్కరీ గారే నీళ్ల కారులో పార్లమెంటుకు వెళ్లారు కదా అంటాడు. మా ఆవిడ సహజంగానే తమ్ముడి పక్షం. బిగించమంటారా?

ఆటోనగర్ బాబాయ్:
తమ్ముడూ, బెజవాడ ఆటోనగర్‌లో ముప్పై ఏళ్లుగా ఇంజన్లు విప్పుతున్నా. ఈ డబ్బా 2009లో నా సొంత మారుతీ 800కే బిగించా. కరెంటు బాగా పారడానికి కాస్టిక్ పొటాష్ అనే క్షారం కలిపిన నీళ్లు, 15 ఆంపియర్ల కరెంటు. ఎంత గ్యాసొస్తుందో చూద్దామని లీటరు సీసాలో నీళ్లు నింపి బోర్లించి, వాచీ పట్టుకు కూర్చున్నా. సీసా నిండటానికి నిమిషం పైనే పట్టింది. అదే ఇంజన్ 2500 ఆర్‌పీఎం మీద నిమిషానికి వెయ్యి లీటర్ల దాకా పీల్చగలదు. సముద్రంలో కాకిరెట్ట!

పైగా ఆ కరెంటిచ్చేదెవరు? ఆల్టర్నేటరు. దాన్ని తిప్పేది బెల్టు, బెల్టును తిప్పేది ఇంజన్, ఇంజన్‌ను తిప్పేది నువ్వు కొట్టించిన పెట్రోలే. రెండు హెడ్‌లైట్లు తాగేదానికన్నా ఈ డబ్బా ఎక్కువ తాగుతుంది.

మైలేజీ పెరిగిందనేవాళ్లు అబద్ధమాడరు. నాకూ మొదట్లో ఒకటిన్నర పెరిగింది. డబ్బా బిగించిన కుర్రాడు పనిలో పనిగా కార్బురేటర్‌లో పెట్రోలు తగ్గించాడు, ప్లగ్గులు మార్చాడు, టైర్లలో గాలి పట్టాడు. డబ్బు పోశాను కాబట్టి నా కాలూ యాక్సిలరేటరు మీద మెత్తబడింది. నాలుగో నెలలో బండి పుల్లింగ్ పోయింది. హెడ్డు దింపితే, పెట్రోలు మరీ తగ్గించిన వేడికి ఎగ్జాస్టు వాల్వు అంచు కాలి, కొరికిన అప్పచ్చిలా ఉంది. డబ్బాలో నీళ్లు కషాయం రంగు. నీది ఇంజెక్షన్ బండి గనక పెట్రోలు ఎక్కువైందో తక్కువైందో చెప్పే ఆక్సిజన్ సెన్సరును మభ్యపెట్టే చిన్న పెట్టె కూడా అంటగడతారు. పేరు వేరు, తంతు అదే.

ఓరుగల్లు ఫిజిక్సు టీచర్:
బాబాయి గారు చెప్పినదానికి లెక్క ఇదీ. లీటరు నీళ్లను విడగొట్టాలంటే తక్కువలో తక్కువ 4.4 యూనిట్ల కరెంటంత శక్తి కావాలి. ఆ హైడ్రోజన్ మండి మళ్లీ నీళ్లయితే తిరిగొచ్చేదీ అంతే. ఇంజన్‌లో అందులో పావు వంతు చక్రాల దాకా చేరితే గొప్ప. పొయ్యిలో బూడిదను మళ్లీ రాజేస్తే అన్నం ఉడకదు కదండీ, నీళ్లు హైడ్రోజన్‌కు బూడిద లాంటివి.

గడ్కరీ గారు 2022 మార్చిలో వెళ్లింది టయోటా మిరాయ్‌లో. దాని ట్యాంకుల్లో 700 బార్ల ఒత్తిడితో హైడ్రోజన్ నింపుతారు, నీళ్లు కాదు. నీళ్లు వెనక గొట్టంలోంచి బయటికి కారతాయి. మీ బావమరిది గారు ముందుకీ వెనక్కీ తికమకపడ్డారు.

నూజివీడు మామిడి:
మధ్యప్రదేశ్ సాగర్‌లో ఒకాయన నీళ్లు, కార్బైడ్‌తో నడిపాడని టీవీలో చూశానే?

ఆటోనగర్ బాబాయ్:
నడుస్తుంది. కానీ ఇంధనం కార్బైడ్. మీ ఊళ్లో దొంగచాటుగా కాయలు మగ్గేసే ఆ రాయి మీద నీళ్లు పడితే ఎసిటిలీన్ వస్తుంది. మా వెల్డింగ్ షాపు డ్రమ్ములో జరిగేదీ అదే. ఆ రాయిని సున్నం, కోక్ కలిపి కరెంటు కొలిమిలో రెండు వేల డిగ్రీల పైన వండుతారు. ఖర్చంతా అక్కడే పెట్టేసి, ఇక్కడ నీళ్లకు దండ వేస్తున్నారు.

1996లో తమిళనాడు రామర్ పిళ్లై నీళ్లలో ఆకులు ఉడికించి పెట్రోలు తీశానన్నప్పుడు మా షెడ్డంతా రెండు పార్టీలైంది. నేను నమ్మిన పార్టీ. 2016లో చెన్నై కోర్టు ఆయనకు మూడేళ్లు వేసింది.

తెనాలివాడు:
అంతా చదివి వినిపించా. "ఆయనది పాత మోడల్ బావా, ఇప్పుడు కొత్తది వచ్చింది" అంటున్నాడు. 18 వేలు మాత్రం బీరువాలోనే ఉన్నాయి, తాళం మా ఆవిడ దగ్గరుంది. బాబాయ్, ఎయిర్ ఫిల్టరు ఎన్నాళ్లకోసారి మార్చాలి?

ఆటోనగర్ బాబాయ్:
విప్పి ఎండకు పట్టుకుని చూడు. వెలుతురు రాకపోతే మార్చెయ్. టైర్లలో గాలి ఎప్పుడు చూపించావు?