కిర్గిజ్ భాషలో ‘లేదు’ అనడానికి యోక్ అనాలా, జోక్ అనాలా?

దూరప్రయాణి:
సభ్యులందరికీ నమస్కారం. మరో పది రోజుల్లో కిర్గిజ్‌స్తాన్ బయలుదేరుతున్నాం. అక్కడివారితో నాలుగు మాటలైనా వారి భాషలోనే మాట్లాడాలని సాయంత్రం ఆరు గంటలకు పుస్తకం పట్టుకున్నాను. పదకొండు దాటినా మొదటి పుట దాటలేకపోయాను. నా దగ్గరున్న మూడు పట్టికలలో ‘లేదు’ అనే మాట ఒకదానిలో యోక్ అని, ఇంకోదానిలో జోక్ అని, మూడోదానిలో ఝోక్ అని ఉంది. ఏడు అనే అంకె ఒకచోట యెట్టి, మరోచోట జెతి. ఇంత చిన్న మాటలకు ఇన్ని రూపాలుంటే దేనిని కంఠస్థం చేయాలి? ఏది సరైనదో ఒక్క మాటలో చెప్పండి.

సూటిమాట:
రష్యన్ నేర్చుకోండి. బిష్కెక్‌లో అది చాలు, రాజధాని కదా.

అక్షరోపాసకుడు:
చిక్కంతా లిపిలో ఉంది కనుక ముందు దానిని తెలుసుకోవడం మంచిది. కిర్గిజ్ భాషను మొదట అరబిక్ లిపిలో, 1920ల చివరి నుండి లాటిన్ లిపిలో, 1940 తర్వాత, రష్యన్ భాషను రాసే సిరిలిక్ లిపిలో రాస్తూ వచ్చారు; చైనాలోని షింజియాంగ్‌లో ఉన్న కిర్గిజ్‌లు మాత్రం నేటికీ అరబిక్ లిపినే వాడుతున్నారు. రష్యన్ అక్షరాలు 33 అయితే కిర్గిజ్ అక్షరాలు 36. అదనంగా చేరిన మూడింటిలో ఒకటి మన ‘వాఙ్మయం’లోని ఙ. రెండవది, పెదవులను ‘ఒ’కు చుట్టినట్టు చుట్టి ‘ఎ’ పలికితే వచ్చే అచ్చు. మూడవది, పెదవులను ‘ఉ’కు చుట్టి ‘ఇ’ పలికితే వచ్చే అచ్చు. దీనిని ‘రష్యన్ లిపి’ అనడం సరికాదని కూడా మనవి చేస్తున్నాను, ఎందుకంటే సిరిలిక్ పుట్టింది మధ్యయుగపు బల్గేరియాలో.

దూరప్రయాణి:
లిపి చరిత్ర తెలిపినందుకు సంతోషమే కాని, నేను అడిగింది జోక్ సరైనదా, యోక్ సరైనదా అని. సమయం చాలా తక్కువగా ఉంది.

బిష్కెక్‌లో ఆరేళ్లు:
నేను అక్కడ వైద్యవిద్య చదువుకున్నాను. తరగతులు ఇంగ్లీషులోనే జరిగినా ఆసుపత్రిలో రోగులతో మాట్లాడవలసి రావడంతో ఈ భాష నేర్చుకున్నాను. కిర్గిజ్‌లో అది జోక్. ఝోక్ అని ఉన్నది కూడా ఆ మాటే. ఆ మాటలోని మొదటి అక్షరాన్ని రష్యన్‌లో ఇంగ్లీషు ‘విజన్’ మధ్యలోని ధ్వనిలా పలుకుతారు కనుక లాటిన్‌లో రాసేవారు ఒక హెచ్ చేర్చారు, అసలు కిర్గిజ్ మాటల్లో మాత్రం అది మన ‘జ’ లాగానే ఉంటుంది. ఇక యోక్, యెట్టి ఉజ్బెక్ మాటలు. ఉజ్బెక్‌లో ‘య’తో మొదలయ్యే చాలా మాటలు కిర్గిజ్‌లో ‘జ’తో మొదలవుతాయి. ఆ మొదటి పట్టిక మీకు ఎక్కడ దొరికింది? ఇంతకూ మీరు వెళ్లేది ఏ ఊరికండీ?

దూరప్రయాణి:
చెప్పలేదా? ఓష్‌కు వెళ్తున్నాం. ఆ పట్టిక ఉజ్బెకిస్తాన్ రాజధాని తాష్కెంట్ వెళ్లివచ్చిన మిత్రుడు ఇచ్చాడు. మా అమ్మగారు కూడా వస్తున్నారు, ఆవిడ మాంసం ముట్టరు.

బిష్కెక్‌లో ఆరేళ్లు:
ఈ రెండు సంగతులూ మొదటే చెప్పి ఉంటే బాగుండేది. ఓష్ ఉజ్బెకిస్తాన్ సరిహద్దు పక్కనే ఉంది, అక్కడ ఉజ్బెక్ మాట్లాడేవారు చాలామంది ఉన్నారు కనుక మీ మొదటి పట్టిక కూడా వృథా కాదు. అన్నిటికంటే ముందు భోజనం మాట నేర్చుకోండి. కిర్గిజ్‌లో మాంసం ‘ఎత్’, లేకుండా అనే ప్రత్యయం ‘సిజ్’. ‘ఎత్‌సిజ్ తమక్ బార్‌బి?’ అంటే ‘మాంసం లేని భోజనం ఉందా?’ అని. ఉజ్బెక్‌లో మాంసం ‘గోష్త్’, హైదరాబాదులో వినే మాటే. అయితే ముక్కలు తీసేసి మాంసపు రసంతో వండినదానిని మంచి మనసుతోనే వడ్డిస్తారు, అందుకని ‘సోర్పోసుజ్’ అని, అంటే ఆ రసం కూడా వద్దని, తప్పక చెప్పండి.

‘సిజ్’ ఇక్కడ ‘సుజ్’ ఎందుకైందని భయపడకండి. పులి బహువచనంలో పులులు అయినట్టే అక్కడా ఒక అచ్చు పక్క అచ్చును తనవైపు లాగుతుంది. ‘బార్’ అంటే ఉంది, ‘జోక్’ అంటే లేదు. కాదు అనడానికి వేరే మాట ఉంది, ‘ఎమెస్’. ఇంగ్లీషులో ఈ రెంటికీ ‘నో’ ఒక్కటే సరిపెడుతుంది కాని తెలుగువారికి ఈ తేడా పుట్టుకతో వచ్చినదే.

పలకరింపు ‘సలామత్‌సిజ్‌బి’, కృతజ్ఞత ‘రఖ్మత్’, ధర అడగడానికి ‘కంచా సోమ్?’ (సోమ్ అంటే అక్కడి డబ్బు). మనకంటే పెద్దవాడైన మగమనిషిని ‘బైకే’ అని, ఆడమనిషిని ‘ఎజే’ అని పిలవాలి, మన అన్న, అక్క లాగానే. సెలవు తీసుకునేటప్పుడు వెళ్లేవారు ‘జక్షి కాలిఙిజ్’ అంటే, ఉండేవారు ‘జక్షి బారిఙిజ్’ అంటారు. ఎవరైనా రొట్టె చూపించి ‘ఓజ్ తియిఙిజ్’ అంటే, ఆకలి లేకపోయినా ఒక చిన్న తునక తుంచి నోట వేసుకోమని అమ్మగారికి చెప్పండి. రొట్టె రుచి చూడకుండా ఇల్లు దాటడం అక్కడ మర్యాద కాదు.

సూటిమాట:
రష్యన్ కూడా అక్కడ అధికార భాషే.

అక్షరోపాసకుడు:
అధికార భాషే, కాదనను. కాని అక్కడి రాజ్యాంగం కిర్గిజ్‌ను రాజ్య భాషగా, రష్యన్‌ను అధికార భాషగా వేరువేరు పేర్లతో గుర్తించింది. మన రాష్ట్రాలలో తెలుగునే అధికార భాష అంటాం కనుక, ఆ మాటను వివరణ లేకుండా వాడితే చదివేవారు పొరబడతారు.

సూటిమాట:
మాట ఏదైనా, టాక్సీవాడికి రష్యన్ అర్థమవుతుంది.

బిష్కెక్‌లో ఆరేళ్లు:
బిష్కెక్‌లో నిజమే. పల్లెల్లో వయసు మళ్లిన ఆడవాళ్లతో నాకు చాలాసార్లు కిర్గిజ్ మాత్రమే పనికి వచ్చింది, అమ్మగారికి వండిపెట్టేది కూడా వాళ్లే.

అక్షరోపాసకుడు:
దూరప్రయాణి గారూ, ఆ మూడో పట్టికలో ఙ అక్షరాన్ని ఎలా రాశారో దయచేసి చూసి చెప్పగలరా?

దూరప్రయాణి:
‘ఎత్‌సిజ్’, ‘సోర్పోసుజ్’ రెండూ చీటీ మీద రాసి అమ్మ సంచిలో పెట్టాను. ధన్యవాదాలండీ.