‘హాజరు’ అంటే ఎక్కడ ఉండాలి?

అనువాదకురాలు: విపత్తు వేళల్లో స్థానిక సంస్థల సభ్యులు ఎవరి చోటు నుంచి వారే సమావేశం కావచ్చని చెప్పే ఒక నమూనా నిబంధనను తెలుగు చేస్తున్నాను. ‘వర్చువల్’ సంగతి ఫరవాలేదు, పత్రికల్లో నలిగిన మాటలు చాలానే ఉన్నాయి. దానికి ఎదురుమాట దగ్గరే కలం ఆగింది. ‘భౌతికంగా హాజరు కావడం’ అంటే సరిపోతుందా?

తెలుగు మాస్టారు: ‘భౌతికంగా’ వద్దమ్మా. చదవగానే భౌతికకాయం గుర్తొస్తుంది. సభ్యులను పూలదండలతో తీసుకొచ్చినట్టు ఉంటుంది. ‘స్వయంగా హాజరు’ అని రాయండి, హాయిగా ఉంటుంది.

న్యాయవాది: హాయిగానే ఉంటుంది గానీ కోర్టులో నిలవదు మాస్టారూ. స్వయంగా అంటే ‘మరొకరి ద్వారా కాకుండా’ అని. తెరమీద కనిపించే సభ్యుడు మాట్లాడేదీ స్వయంగానే, చెయ్యెత్తేదీ స్వయంగానే. స్వయంగా కానిది ఏదంటే, అమెరికా ప్రతినిధుల సభ 2020 మే 15న ఆమోదించిన పద్ధతి. రాలేని సభ్యుడు తన ఓటు ఎటో రాతపూర్వకంగా చెప్పి, సభలో ఉన్న మరో సభ్యుడికి అప్పగించేవాడు. ఒక్కొక్కరు పదిమంది తరఫున దాకా ఓటు చెప్పగలిగేవారు. 2023లో ఆ పద్ధతి ఆగిపోయింది. దూరం నుంచి పాల్గొనడం వేరు, మనిషిని పెట్టి ఓటు వేయించడం వేరు. మీ ‘స్వయంగా’ రెండోదాన్ని మాత్రమే ఆపుతుంది.

తెలుగు మాస్టారు: నిజమే. అయితే ‘సమక్షం’ పరిశీలించండి. అందులో ఉన్నది కన్ను. కళ్లెదుట ఉంటే సమక్షం, ప్రత్యక్షం. కంటికి అవతల ఉంటే పరోక్షం. పైనుండి కనిపెట్టి చూసేవాడు అధ్యక్షుడు. ఈ లెక్కన వీడియోలో కనిపించేవారు సమక్షంలో ఉన్నట్టే, ఫోనులో గొంతు మాత్రమే వినిపించేవారు లేనట్టే. సంస్కృతం మనకు ముందే నిబంధన రాసిపెట్టింది!

న్యాయవాది: ముచ్చటగా ఉంది, కానీ చట్టాలు కంటికంటే చెవినే ఎక్కువ నమ్మాయి. ఇంగ్లండులో స్థానిక సంస్థల కోసం 2020 ఏప్రిల్‌లో వచ్చిన నిబంధనల ప్రకారం, దూరం నుంచి పాల్గొనే సభ్యుడు ఇతరుల మాట వినగలగాలి, అతని మాట వారికి వినిపించాలి. ఇది తప్పనిసరి. చూడటం, కనిపించడం మాత్రం ‘వీలైన చోట’. చర్చకు కావలసింది మాట కనుక నాకది సబబుగానే తోస్తుంది.

అసలు కథ ఆ నిబంధనల గడువు తీరేటప్పుడు మొదలైంది. అవి 2021 మే 7కు ముందు జరిగే సమావేశాలకే వర్తించాయి. పాత చట్టం కిందనే ఆన్‌లైన్ సమావేశాలు కొనసాగించవచ్చని ప్రకటించమంటూ కొందరు హైకోర్టుకు వెళ్లారు. కుదరదని 2021 ఏప్రిల్ 28న తీర్పు వచ్చింది. 1972 నాటి స్థానిక ప్రభుత్వ చట్టంలో సమావేశం, చోటు, హాజరు అనే అర్థమిచ్చే మాటలను కలిపి చదివితే, నేలమీద ఫలానా చోట మనుషులు చేరడమనే అర్థం వస్తుందని, మార్చాలంటే పార్లమెంటే చట్టం చేయాలని కోర్టు తేల్చింది. వేల్స్ మాత్రం అదే ఏడాది సొంత చట్టం చేసుకుని దూరపు హాజరుకు శాశ్వతంగా తలుపు తీసింది.

మన సుప్రీంకోర్టు దాదాపు ఇదే మాటను 2003లోనే ఇంకోలా చదివింది. మహారాష్ట్ర ప్రభుత్వానికి, ప్రఫుల్ దేశాయ్‌కి మధ్య నడిచిన కేసు అది. నిందితుడి సమక్షంలో సాక్ష్యం నమోదు చేయాలన్న చోట, సాక్షి అదే గదిలో ఉండనక్కరలేదు, వీడియో కాన్ఫరెన్సు చాలునంది. అది క్రిమినల్ విచారణ. దాన్ని తెచ్చి సభల కోరానికి, అంటే సభ జరగడానికి ఉండాల్సిన కనీస సభ్యుల సంఖ్యకు, అతికించడం తేలిక కాదు. రాజ్యాంగం 189వ అధికరణంలో శాసనసభ కోరం పదిమంది, లేదా మొత్తం సభ్యుల్లో పదోవంతు, ఏది ఎక్కువైతే అది. సభ్యుడి తల ఎక్కడుంటే ఆ లెక్కలోకి వస్తుందన్నదే ప్రశ్న. 2020 జూన్‌లో ఆంధ్రప్రదేశ్ గవర్నరు రాజ్‌భవన్ నుంచే ఉభయసభలను ఉద్దేశించి ప్రసంగించినప్పుడు ఈ చిక్కు రాలేదు. గవర్నరు కోరంలోకి రారు కదా.

పాఠకుడు: ‘సమావేశం’లోనూ చోటు దాగి ఉందండీ. ప్రవేశంలో ఉన్న ధాతువే ఇందులోనూ ఉంది. కలిసి లోపలికి చేరడం. ‘సభ’ అయితే జనానికీ పేరే, భవనానికీ పేరే. మయసభ అంటే కట్టడమే కదా.

తెలుగు మాస్టారు: బాగా పట్టారు. మరి ‘హాజరు’? అరబ్బీ నుంచి ఉర్దూ మీదుగా వచ్చిన మాట. హుజూరు దీని తోబుట్టువే, హుజూర్‌నగర్‌లో ఉన్నది అదే. హుజూరు అంటే దొరగారి సముఖం. పుట్టుకలో ఎదుట నిలబడటమే ఉన్నా, వాడుకలో హాజరు పట్టీలో గీతకు దిగింది. పేరు పిలిస్తే పలికినవాడు హాజరు. చోటూ కన్నూ రెండూ అరిగిపోయిన మాట కాబట్టి, కొత్త అర్థం మోయడానికి ఇదే పనికొస్తుంది.

అనువాదకురాలు: అయితే ఎదురుమాట వెతకడం మానేసి, ‘హాజరు’కు నిర్వచనం రాస్తాను. ఇలా: “సమావేశ స్థలంలో ఉన్న సభ్యుడు గాని, వేరొక చోటినుంచి ఇతర సభ్యుల మాట వింటూ, తన మాట వారికి వినిపించేలా పాల్గొంటున్న సభ్యుడు గాని హాజరైనట్టు లెక్క. కోరానికీ ఓటుకూ ఇదే లెక్క.” శీర్షిక ‘అత్యవసర పరిస్థితిలో సమావేశాలు’.

న్యాయవాది: నిర్వచనం భేషుగ్గా ఉంది. ‘పాల్గొంటున్నంతసేపు’ అని చేర్చండి, లేకపోతే మధ్యలో లైను తెగిపోయినవారి ఓటు మీద రభస తప్పదు. శీర్షిక మాత్రం మార్చాలి. అత్యవసర పరిస్థితి అనగానే ఇక్కడ అందరికీ రాజ్యాంగం 352వ అధికరణం, 1975 నాటి ఎమర్జెన్సీ గుర్తొస్తాయి. మీ నిబంధన వరదకూ, అంటువ్యాధికీ. 2005 నాటి విపత్తు నిర్వహణ చట్టం పేరులో ఉన్న ‘విపత్తు’ వాడండి. అది ఎవరు ప్రకటిస్తే మొదలవుతుందో, ఎన్నాళ్లకొకసారి మళ్లీ సమీక్షించాలో కూడా రాయండి. కాలిఫోర్నియాలో ఇలాంటి దూరపు సమావేశాలపై 2021లో వచ్చిన చట్టం ముప్ఫై రోజులకొకసారి సమీక్షించుకోమంది.

అనువాదకురాలు: మూలంలో గడువు ఊసే లేదు. అనువాదంలో చేర్చలేను గానీ, పంపినవారికి రాసి అడుగుతాను.