సోయా సంకరణ: నిలిచిన కాయల్లోనూ తల్లి పోలికే వస్తోంది, ఎందుకు?

(చర్చ ఇది; ముందున్నవి సభ్యులు పెట్టుకున్న పేర్లు.)

నల్లరేగడి: రెండు సోయా రకాలను కలుపుతున్నాను: తల్లి తెల్లపూల జేఎస్ 97-52, తండ్రి ఊదాపూల జేఎస్ 335. తల్లికున్న, పల్లాకు తెగులును (ఆకులు పసుపెక్కే వైరస్ తెగులు) తట్టుకునే గుణం కోసం ఈ జత. మొగ్గలు సగానికి పైగా రాలుతున్నాయి. నిలిచిన కాయల గింజలు వేస్తే ఎక్కువగా తెల్లపూలే.

మొగ్గకాలం: తెల్లపూలు పూసినవన్నీ స్వపరాగ గింజలే, అంటే తల్లి పువ్వు తన పుప్పొడితోనే కట్టినవి. మొగ్గను ఆలస్యంగా పట్టుకుంటున్నారు. సోయాలో పువ్వు విచ్చకముందే పుప్పొడి రాలి కీలాగ్రానికి (పుప్పొడిని అందుకునే ఆడభాగం కొస) అంటుకుంటుంది. కాబట్టి మర్నాడు విచ్చే మొగ్గ కావాలి: రేకుల కొస రక్షకపత్రాల్లోంచి అప్పుడే కనబడుతుండాలి. సన్నమొన ఫోర్సెప్స్‌తో ఐదు రక్షకపత్రాలూ ఒక్కొక్కటే తెంపి, రేకులన్నీ కలిపి పట్టి మెల్లగా కదుపుతూ పైకి లాగండి. లోపల పది కేసరాలుంటాయి. వాటి కొసన పుప్పొడి తిత్తులు పసుపు తిరిగి పొడి రాలుస్తుంటే ఆ మొగ్గ వదిలేయాలి. అదే కణుపులోని మిగతా మొగ్గలూ గిల్లేయండి.

పుప్పొడి: మొగ్గలు రాలడానికి ముఖ్య కారణం కీలాగ్రానికి గాయం. ఫోర్సెప్స్ మొన తగిలితే చాలు, అది గోధుమరంగుకు తిరిగి మొగ్గ ఎండిపోతుంది. పొద్దున్నే విచ్చిన తండ్రి పువ్వు కేసరాలను పట్టుకుని తేలిగ్గా తాకించండి, పసుపు పొడి అంటినట్టు కంటికి కనబడాలి. నేల బెట్టకు వస్తే ఎంత బాగా చేసినా నిలవదు. కాయ తొడిమ దగ్గర చూడండి: సంకరణ కాయకు రక్షకపత్రాలుండవు, తెంపిన మచ్చలే ఉంటాయి. పత్రాలున్న కాయ ట్యాగు కింద ఉన్నా కోయొద్దు.

నల్లరేగడి: ఎఫ్1 (సంకరణతో వచ్చిన మొదటి తరం) నిజమైనదో కాదో తెలియాలంటే పూతదాకా ఆగాలా?

మొగ్గకాలం: అక్కర్లేదండి. మీ తల్లి తెల్లపూలది, తండ్రి ఊదాపూలది. ఊదా ప్రబల లక్షణం, అంటే తండ్రి ఒక్కడి నుంచి వచ్చినా బయటపడుతుంది; మొలక కాడలోనే ఆ రంగు తేలుతుంది. పచ్చకాడ మొలకలు అప్పుడే పీకేయండి. తల్లిదండ్రులను తారుమారు చేస్తే మాత్రం ఈ గుర్తు పనికిరాదు.

విత్తుబడి: ఎఫ్2లో (రెండో తరంలో) దిగుబడి చూసి మొక్కలు ఏరొద్దు, ఒక్క మొక్క దిగుబడి నేలను బట్టే ఎక్కువగా మారుతుంది. పల్లాకుకు మాత్రం అప్పుడే ఏరొచ్చు, మధ్య మధ్య తెగులు తేలిగ్గా సోకే జేఎస్ 335 సాలు వేస్తే తెగులు బాగా వ్యాపించి, తట్టుకునే మొక్కలు తేలుతాయి. తట్టుకున్న ప్రతి మొక్క నుంచీ ఒక్కో కాయ తీసి ఎఫ్4 దాకా నడపండి, ఎఫ్5లో మొక్కకో సాలు. పక్కన పోలికకు ఆదిలాబాద్ వ్యవసాయ పరిశోధన స్థానం విడుదల చేసిన బాసర రకం వేయండి. పండాక కొన్ని మొక్కలు కోయకుండా వదిలి కాయలు చిట్లుతాయేమో చూడండి. గింజను వచ్చే వానాకాలం దాకా నిల్వ ఉంచి మొలక పరీక్ష చేయాల్సిందే. ధ్రువీకరణకు కనీసం 70 శాతం మొలక కావాలి, వేసవి దాటేసరికి చాలా సాళ్లు అక్కడే తప్పుకుంటాయి.