జీమెయిల్ నిండిపోయింది, పాత మెయిల్స్ థండర్‌బర్డ్‌లోకి దించుకోవడం ఎలా?

తెనాలి_అకౌంట్స్:
నమస్కారం అండీ. తెనాలిలో మాది చిన్న ట్యాక్స్ కన్సల్టెన్సీ. 2017లో జీఎస్టీ వచ్చినప్పటి నుంచి క్లయింట్లు పంపే బిల్లులు, బ్యాంకు స్టేట్‌మెంట్లు అన్నీ ఒకే జీమెయిల్‌కి వస్తున్నాయి. ఉచితంగా ఇచ్చే 15 జీబీ దాదాపు నిండిపోయింది. మెయిల్ తెరిస్తే చాలు, జాగా అయిపోతోందని హెచ్చరిక. 20వ తేదీ దగ్గర పడుతోంది, జీఎస్టీ 3బీ రిటర్నులు వేయాలి. ఈ సమయంలో మెయిల్స్ రావడం ఆగిపోతే ఎలా అని ఒకటే టెన్షన్‌గా ఉంది.

ఆఫీసు కంప్యూటర్‌లో మెయిల్స్ చూసుకునే థండర్‌బర్డ్ అనే ప్రోగ్రామ్ ఉంది, జీమెయిల్‌తో ఐమ్యాప్ పద్ధతిలో కలిపి పెట్టాం. పాత సంవత్సరాలవి కంప్యూటర్‌లోకి దించుకుని జీమెయిల్‌లో ఖాళీ చేద్దామనుకుంటున్నాం. "థండర్‌బర్డ్‌లో అన్నీ కనిపిస్తున్నాయి కదండీ, ఇక జీమెయిల్‌లో తీసేయొచ్చు" అంటున్నాడు మా దగ్గర పనిచేసే కుర్రాడు. నాకు ధైర్యం చాలడం లేదు. అక్కడ తీసేస్తే ఇక్కడ కూడా పోతాయా? తెలిసినవాళ్లు చెప్పండి.

అమలాపురం_నెట్:
మేడమ్, మెయిల్స్ జోలికి పోయే ముందు ఒకటి చూడండి. ఆ 15 జీబీ మెయిల్ ఒక్కదానికే కాదు, డ్రైవ్‌కీ, గూగుల్ ఫోటోస్‌కీ కలిపి. ఎవరి ఫోన్‌లోని ఫోటోలైనా అదే అకౌంట్‌కి బ్యాకప్ అవుతున్నాయేమో చూసుకోండి. అయితే అది ఆపి, అక్కరలేని వీడియోలు తీసేస్తే ఈ నెల గండం గట్టెక్కుతుంది.

గోదావరి_గట్టు:
మేడమ్, మీ అనుమానమే నిజం. దయచేసి ఇప్పుడే డిలీట్ కొట్టకండి. రాజమండ్రిలో నేను సిస్టమ్స్ చూసుకునే ఆఫీసులన్నిటిలోనూ మొదట చెప్పే మాట ఇదే. ఐమ్యాప్ అద్దం లాంటిది. గూగుల్ దగ్గర ఉన్నదే మీ తెరమీద కనబడుతుంది, అక్కడ తీసేస్తే ఇక్కడా మాయమవుతుంది.

ఎడమవైపు జాబితాలో మీ జీమెయిల్ అడ్రస్ కింద ఉన్న ఫోల్డర్లన్నీ గూగుల్‌వే. కిందికి వెళ్తే "లోకల్ ఫోల్డర్స్" అని విడిగా ఒకటి ఉంటుంది. దానికి సర్వర్‌తో సంబంధం లేదు. అందులో చేరిన మెయిల్ మాత్రమే మీ హార్డ్ డిస్క్‌లో పక్కాగా ఉన్నట్టు.

దాని మీద రైట్ క్లిక్ చేసి ఆర్థిక సంవత్సరానికో ఫోల్డర్ పెట్టుకోండి: 2017-18, 2018-19, అలా. అన్నీ ఒకే దాంట్లో కుక్కొద్దు. థండర్‌బర్డ్ మామూలుగా ఒక ఫోల్డర్‌లోని మెయిల్స్ అన్నిటినీ కలిపి ఒకే ఫైలుగా రాస్తుంది. ఖర్మకాలి ఆ ఫైలు పాడైనా ఒక ఏడాదితో పోవాలి తప్ప మొత్తం పోకూడదు.

ఇక అసలు సంగతి. మెయిల్స్ ఎంచుకుని రైట్ క్లిక్ చేస్తే "మూవ్ టు", "కాపీ టు" రెండూ కనిపిస్తాయి. జనం సాధారణంగా మూవ్ కొట్టేస్తారు. జీమెయిల్ దగ్గర అది సరిపోదు. జీమెయిల్‌లో ఇన్‌బాక్స్ అనేది ఒక లేబుల్ మాత్రమే, అసలు మెయిల్ ఉండేది "ఆల్ మెయిల్"లో. మీరు ఇన్‌బాక్స్ నుంచి మూవ్ చేస్తే, జీమెయిల్ సెట్టింగులు ముందునుంచీ ఉన్నట్టే ఉంటే, ఆ లేబుల్ ఊడుతుంది అంతే. మెయిల్ ఆల్ మెయిల్‌లో అలాగే ఉంటుంది, జాగా ఒక్క ఎంబీ కూడా తగ్గదు.

అందుకని ముందు కాపీ చేయండి. సరిచూసుకోండి. ఆ తర్వాతే జీమెయిల్ వైపు ఉన్నవాటిని ఎంచుకుని డిలీట్ కొట్టండి. అప్పుడవి బిన్ (చెత్తబుట్ట) లోకి వెళ్తాయి, ఆల్ మెయిల్‌లోంచి కూడా తప్పుకుంటాయి. డిలీట్ చేసినవి ఎక్కడికి వెళ్లాలన్నది అకౌంట్ సెట్టింగ్స్‌లో సర్వర్ సెట్టింగ్స్ కింద ఉంటుంది. అక్కడ జీమెయిల్ బిన్ ఎంపికై ఉందో లేదో ముందే చూడండి. మౌస్‌తో పట్టుకుని లాగి వేయడం మాత్రం వద్దు, అది కాపీ అయిందో మూవ్ అయిందో తర్వాత తేల్చుకోలేం.

సరిచూడటం అంటే రెండువైపులా మెయిల్స్ సంఖ్య కుదిరిందని ఊరుకోవడం కాదు. థండర్‌బర్డ్ విండోలో కింద ఎడమ మూలన చిన్న గుర్తు ఉంటుంది. దాన్ని నొక్కితే ఆఫ్‌లైన్‌లోకి వెళ్తుంది. అప్పుడు లోకల్ ఫోల్డర్ తెరిచి ఏప్రిల్‌లో వచ్చిన మెయిల్ ఒకటి, అక్టోబర్‌ది ఒకటి, మార్చిది ఒకటి తీసి, వాటికి జతచేసిన పీడీఎఫ్ తెరవండి. నెట్ లేకుండా పీడీఎఫ్ చివరి పేజీ దాకా కనిపించిందంటే నిజంగా దిగినట్టే.

పంపిన మెయిల్స్ సంగతి చాలామందికి గుర్తుండదు. క్లయింటుకి మీరు పంపిన కంప్యుటేషన్లు (పన్ను లెక్కలు), జవాబులు ఉండేది సెంట్ మెయిల్‌లో. అదీ ఇలాగే కాపీ చేయాలి. ఆల్ మెయిల్‌ని మాత్రం ముట్టుకోకండి, వచ్చినవీ పంపినవీ అందులో కూడా ఉంటాయి కాబట్టి ఒక్కో మెయిల్ రెండేసి సార్లు దిగుతుంది.

అంతా ఒకేరోజు లాగేయాలని చూడొద్దు. ఐమ్యాప్‌లో దించుకోవడానికి గూగుల్ రోజువారీ హద్దు పెట్టింది, ఆఫీసులు డబ్బు కట్టి వాడే వర్క్‌స్పేస్ ఖాతాలకు అది 2,500 ఎంబీ. దాటితే కాసేపు తలుపు మూసేస్తుంది. రోజుకో సంవత్సరం చొప్పున చేసుకోండి.

వరంగల్_ఆడిటర్:
పైన చెప్పిందంతా బాగుంది. నేను కాగితాల సంగతి చెప్తాను. సీజీఎస్టీ (కేంద్ర జీఎస్టీ) చట్టం సెక్షన్ 36 ప్రకారం ఆ ఏడాది వార్షిక రిటర్ను గడువు తేదీ నుంచి 72 నెలల దాకా రికార్డులు ఉంచాలి. 2017-18 వార్షిక రిటర్ను గడువు 2020 ఫిబ్రవరి దాకా పొడిగించారు, కాబట్టి ఆ ఏడాది లెక్క 2026 ఫిబ్రవరి దాకా వస్తుంది. అప్పీలు నడుస్తున్న క్లయింట్లవైతే, ఆ అప్పీలు తేలిన తర్వాత ఇంకో ఏడాది ఉంచాలి. పాతవే కదా అని లోకల్ ఫోల్డర్‌లోంచి కూడా తీసేయకండి. నోటీసు వచ్చిన రోజున క్లయింటు మన వైపే చూస్తాడు.

తెనాలి_అకౌంట్స్:
అందరికీ ధన్యవాదాలు. 2017-18 కాపీ చేశాం. ఆఫ్‌లైన్‌లో పెట్టి చూస్తే పీడీఎఫ్‌లు తెరుచుకున్నాయి, ప్రాణం కుదుటపడింది. జీమెయిల్ వైపు డిలీట్ కూడా చేశాం. కానీ జాగా అలాగే చూపిస్తోంది. ఎందుకంటారు? ఇంకోటి, మా ఆఫీసులో ఉన్నది పాత పెన్‌డ్రైవ్. థండర్‌బర్డ్ బ్యాకప్ దాంట్లో పెట్టొచ్చా?

గోదావరి_గట్టు:
బిన్ ఖాళీ చేశారా మేడమ్? అందులో ఉన్నంతసేపూ అవి మీ 15 జీబీ లెక్కలోనే ఉంటాయి. మీరు చేయకపోతే 30 రోజులకు గూగులే చేస్తుంది, కానీ మీకు 20వ తేదీ ఆగదు కదా. బ్రౌజర్‌లో జీమెయిల్ తెరిచి, బిన్‌లోకి వెళ్లి, అక్కడే ఖాళీ చేయండి. అంకె వెంటనే మారకపోవచ్చు, కంగారు పడకండి.

ఇక బ్యాకప్. హెల్ప్ మెనూలో "ట్రబుల్‌షూటింగ్ ఇన్ఫర్మేషన్" తెరిస్తే, థండర్‌బర్డ్ మెయిల్స్, సెట్టింగులు దాచుకునే ప్రొఫైల్ ఫోల్డర్ పక్కన "ఓపెన్ ఫోల్డర్" ఉంటుంది. దాన్ని నొక్కి, ఆ ఫోల్డర్ ఎక్కడుందో గుర్తుపెట్టుకుని, థండర్‌బర్డ్ మూసేసి, అప్పుడు మొత్తం ఫోల్డర్‌ని కాపీ చేయండి. తెరిచి ఉండగా చేస్తే సగం రాసిన ఫైళ్లు వచ్చే ప్రమాదం ఉంది.

పాత పెన్‌డ్రైవ్ సాధారణంగా ఫ్యాట్32 అనే పాత ఫార్మాట్‌లో ఉంటుంది. అందులో 4 జీబీ దాటిన ఫైలు పట్టదు. మీ ఇన్‌బాక్స్ ఫైలు అంతకన్నా పెద్దదే అయ్యుంటుంది. పెన్‌డ్రైవ్‌లో ఖాళీ కనిపిస్తూనే ఉంటుంది, కాపీ మాత్రం ఆగిపోతుంది. ఆ హద్దు లేని ఎక్స్‌ఫ్యాట్‌గా ఫార్మాట్ చేసి వాడొచ్చు, కానీ లోపల ఉన్నవన్నీ చెరిగిపోతాయి, ముందు వాటిని పక్కకు తీసుకోండి. నన్నడిగితే క్లయింట్ల కాగితాలకు పెన్‌డ్రైవ్ మీద ఆధారపడొద్దు, ఒక ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్ కొనండి.

డిలీట్ చేశాక కంప్యూటర్‌లోనూ జాగా తగ్గాలంటే ఇన్‌బాక్స్ మీద రైట్ క్లిక్ చేసి "కాంపాక్ట్" నొక్కాలి. థండర్‌బర్డ్ మెయిల్‌ని తీసేసినట్టు గుర్తు పెట్టుకుంటుందే గానీ, కాంపాక్ట్ అయ్యేదాకా ఫైలు బరువు తగ్గదు. అది నడుస్తున్నప్పుడు కరెంటు పోకూడదు, యూపీఎస్ మీద ఉన్నప్పుడే చేయండి. బ్యాకప్ తీశాకే చేయండి.

20వ తేదీలోపు 2018-19 కూడా అయితే చాలు, ఈ నెలకి మెయిల్ ఆగదు. మిగతా సంవత్సరాలు రిటర్నులు వేశాక తీరిగ్గా చూసుకోవచ్చు.