సెప్సిస్ పేషెంట్లకి హెచ్‌ఎల్‌ఏ-డీఆర్ టెస్ట్: నెల్లూరులో ఇప్పుడు కావాలా, వద్దా?

పెన్నాగట్టు పీజీ
ఐసీయూ పోస్టింగ్‌లో ఉన్నాను. రొయ్యల గుంటల దగ్గర పనిచేసే ఒకాయన, షుగరు ఉంది, కాలు వాచి బీపీ పడిపోయి వచ్చాడు. కుళ్లిన కండంతా తీసేశారు. నాలుగో రోజుకి బీపీ నిలబెట్టే నార్‌అడ్రినలిన్ ఆపేశాం. ఇంటివాళ్లు గుళ్లో టెంకాయ కూడా కొట్టొచ్చారు. తొమ్మిదో రోజు వెంటిలేటర్ న్యుమోనియా పట్టుకుంది, మనిషి దక్కలేదు.

సెప్సిస్ అంటే ఇన్‌ఫెక్షన్‌కి శరీరం అదుపు తప్పి స్పందించి అవయవాలు దెబ్బతినడం. దాని మొదట్లో చెలరేగిన రోగనిరోధక శక్తే తర్వాత చతికిలబడుతుంది. మోనోసైట్ అనే తెల్లకణం తాను మింగిన సూక్ష్మజీవి ముక్కని, ఇన్‌ఫెక్షన్‌తో పోరాడే టి కణాలకి చూపించేది తన మీదుండే హెచ్‌ఎల్‌ఏ-డీఆర్ అనే ప్రోటీన్ మీద పెట్టే. కణాలని ఒక్కొక్కటిగా కొలిచే ఫ్లో సైటోమీటర్ మిషన్‌లో ఒక్కో మోనోసైట్‌కి దాని లెక్క 8,000 లోపు పడితే ఇమ్యునోపరాలిసిస్, అంటే రోగనిరోధక శక్తి పడకేసిందని అంటారు. మొదటి వారంలో అది పైకి లేవని వాళ్లకి కొత్త ఇన్‌ఫెక్షన్లు, మరణాలు ఎక్కువని చాలా స్టడీల్లో కనిపించింది. మన దగ్గర ఎందుకు మొదలుపెట్టకూడదు?

ఐసీయూ పాతకాపు
తక్కువ వచ్చిందనుకో బాబూ, తర్వాత ఏం చేస్తావు? మోనోసైట్లని తట్టిలేపే జీఎం-సీఎస్‌ఎఫ్ మందు ఇస్తావా? 2009లో జర్మనీ వాళ్లు 38 మందితో చేసిన ట్రయల్లో వెంటిలేటర్ రోజులు తగ్గాయి. బతికినవాళ్లు పెరిగారని తేలలేదు, అంత చిన్న ట్రయల్లో తేలదు కూడా. తర్వాత ఫ్రాన్స్‌లో చేసింది మధ్యలోనే ఆగిపోయింది, ఇన్‌ఫెక్షన్లు తగ్గిందీ లేదు. జ్వరం ఎంతుందో చెప్పినంత మాత్రాన థర్మామీటర్ జ్వరం తగ్గించదు గదా.

పెన్నాగట్టు పీజీ
సార్, నేననేదీ అదే. 2001లో అనుమతి వచ్చిన సెప్సిస్ మందు జిగ్రిస్‌ని 2011లో వెనక్కి తీసుకున్నారు. సెప్సిస్ అనగానే అందరినీ ఒకే గాటన కట్టి మందిస్తే అంతేగా. ఎవరిది మంట, ఎవరిది నీరసం అని విడదీయకుండా ఏ మందు పనిచేస్తుంది?

సెంట్రిఫ్యూజ్
ల్యాబ్ మనిషిని, కింద నుంచి చెప్తాను. రక్తాన్ని గడ్డకట్టనివ్వని ఈడీటీఏ ట్యూబ్‌లోకి తీసి, చల్లగా ఉంచి, నాలుగు గంటల్లోపు స్టెయిన్ చేయాలి. చెన్నై పంపుదామంటే రైలుకే మూడు గంటలు, ఆ తర్వాత ఆటో, కౌంటర్, క్యూ. ట్యూబ్ మామూలు వేడిలో ఉండిపోతే మోనోసైట్ మీద హెచ్‌ఎల్‌ఏ-డీఆర్ దానంతటదే పెరుగుతుంది. చతికిలబడ్డ పేషెంట్‌కి బాగుందని రిపోర్ట్ వస్తుంది. హెచ్‌ఐవీ మందులిచ్చే ఏఆర్‌టీ సెంటర్లలో సీడీ4 కణాలు లెక్కపెట్టే మిషన్లు ఉన్నాయిగా అని అడగబోతారేమో, వాటిల్లో చాలావరకు ఆ ఒక్క పనికే చేసినవి.

ఉదయగిరి అబ్బాయి
నేను డాక్టర్ని కాదు, మీరు రాసిన దాంట్లో సగం అర్థం కాలేదు. మా నాయనకి జ్వరమొస్తే ఊర్లో మూడు రోజులు సూదులేశారు. నాలుగో రోజు పొద్దున మాట తడబడింది, ఆయాసం. కారు మాట్లాడుకుని టౌన్‌కి తీసకపోయేసరికి మధ్యాహ్నమైంది. అక్కడ డ్యూటీ మేడం దుప్పటి తీసి ఒళ్లంతా వెతికింది. మొలతాడు పక్కకి జరిపితే దాని కింద నల్లటి పక్కు, సిగరెట్‌తో కాల్చినట్టు. నొప్పి లేదు, దురద లేదు, మా అమ్మ కూడా చూడలేదు. స్క్రబ్ టైఫస్ అంది, చిన్న పురుగు కుట్టి వచ్చే జ్వరమట, రిపోర్ట్ కోసం ఆగకుండా డాక్సీసైక్లిన్ మొదలుపెట్టింది. మా నాయన ఇప్పుడు మళ్లీ మేకలు తోలుకెళ్తున్నాడు. ఆ మేడం చేసిందానికి ఏ మిషనూ అక్కర్లేకపోయింది గదా?

ఐసీయూ పాతకాపు
బాగా చెప్పావు నాయనా. పీజీలు మొలతాడు జరపరు, సీటీ మాత్రం రాస్తారు. షాక్‌లో వచ్చినవాడికి గంటలోపు యాంటీబయాటిక్ పడాలని గైడ్‌లైన్. మనకొచ్చేవాళ్లలో సగం మందికి ఆ గంట దారిలోనే పోతుంది.

పెన్నాగట్టు పీజీ
ఒప్పుకుంటాను సార్. కానీ మా పేషెంట్‌కి ఆ గంటలో అన్నీ పడ్డాయి. మొదటి దెబ్బ తట్టుకున్నవాడు రెండో దెబ్బకి పోయాడు. నేనడిగింది ఆ రెండోదాని గురించి.

సెంట్రిఫ్యూజ్
అయితే ఉన్నదాంతో మొదలుపెట్టండి డాక్టరు గారూ. రోజూ పంపే సీబీపీలో, అదే మామూలు రక్తకణాల లెక్కలో, లింఫోసైట్లు అనే తెల్లకణాలు ఉంటాయి. శాతం కాదు, అసలు సంఖ్య చూడండి. మొత్తం తెల్లకణాలు 18,000, లింఫోసైట్లు 4 శాతం అంటే 720. నాలుగో రోజుకీ అలాగే అడుగున ఉండిపోయేవాళ్లలో మరణాలు ఎక్కువని పేపర్లున్నాయి. అదనంగా రూపాయి ఖర్చు లేదు.

పెన్నాగట్టు పీజీ
షాక్‌కి ఇచ్చే హైడ్రోకార్టిసోన్ స్టిరాయిడ్ కూడా లింఫోసైట్లని పడేస్తుంది. జబ్బు పడేసిందేదో, మందు పడేసిందేదో ఎట్టా తెలుస్తుంది?

సెంట్రిఫ్యూజ్
ఆ స్టిరాయిడ్ హెచ్‌ఎల్‌ఏ-డీఆర్‌నీ తగ్గిస్తుంది. మీ ఖరీదైన టెస్ట్‌కీ అదే తిప్పలు.

ఐసీయూ పాతకాపు
స్టిరాయిడ్ పడిన వాళ్లని వేరే కాలమ్‌లో రాయి. ఆరు నెలల కేస్ షీట్లు తీసి నాలుగో రోజు లెక్క కట్టు, ఎథిక్స్ కమిటీకి అప్లికేషన్ నేను చూస్తాను. దాంట్లో ఏదైనా కనిపిస్తే మిషన్ సంగతి మాట్లాడదాం.

పెన్నాగట్టు పీజీ
సరే సార్. కాకపోతే పాత షీట్లలో చాలావాటికి నాలుగో రోజు సీబీపీనే లేదు.

సెంట్రిఫ్యూజ్
మా రిజిస్టర్లో ఉంటుంది, రండి. శాతాలే ఉంటాయి, కాలిక్యులేటర్ తెచ్చుకోండి.