యూఎస్‌బీ డివైస్ కంట్రోలర్ డ్రైవర్‌ను తొలగించేటప్పుడు సరైన క్రమం ఏది?

ఆర్మ్ బోర్డు ఒకదానిపై ఉన్న యూఎస్‌బీ డివైస్ కంట్రోలర్‌కు లైనక్స్ డ్రైవర్ రాస్తున్నాను. కేబుల్ తగిలించి ఉండగా మాడ్యూల్‌ను తొలగిస్తే పదిసార్లలో ఒకసారి బోర్డు బిగుసుకుపోతోంది; సీరియల్ కన్సోల్‌లో చివరి వరుస సగంలోనే ఆగిపోతోంది.

నా రిమూవ్ ఫంక్షన్ ముందుగా గాడ్జెట్‌ను (బోర్డు యూఎస్‌బీ పరికరంగా కనిపించే రూపం) యూడీసీ కోర్ (యూఎస్‌బీ డివైస్ కంట్రోలర్లను నిర్వహించే కెర్నల్ భాగం) నుంచి తొలగిస్తుంది. దానితో పుల్‌అప్ (పరికరం తగిలించి ఉందని అవతలి కంప్యూటరుకు తెలిపే సంకేతం) తెగి, గాడ్జెట్ డ్రైవర్ అన్‌బైండ్ అయి, కంట్రోలర్ ఆగిన తర్వాతే క్లాకును ఆపుతున్నాను. అయితే ఇంటరప్టును (హార్డ్‌వేర్ ప్రాసెసర్‌కు పంపే పిలుపు) డెవ్‌ఎమ్ పద్ధతిలో (వనరులను కెర్నలే తర్వాత విడుదల చేసే పద్ధతి) తీసుకున్నందున అది రిమూవ్ ముగిశాకే విడుదలవుతుంది కనుక, ఆ సందులో వచ్చిన ఇంటరప్టుకు హ్యాండ్లర్ పరుగెత్తి, క్లాకు లేని రిజిస్టరును చదువుతోందని నా అనుమానం.

కంట్రోలర్‌లో ఇంటరప్టులను మాస్క్ చేసి (రాకుండా ఆపి), నడుస్తున్న హ్యాండ్లర్ ముగిసేదాకా ఆగితే చాలునా, లేక ఆ ఇంటరప్టు లైనును మరో పరికరం కూడా పంచుకుంటోంది కాబట్టి (అసలు చిక్కు ఇక్కడే ఉందనిపిస్తోంది) క్లాకును ఆపకముందే ఇంటరప్టును నేనే విడుదల చేయాలా? వీబస్‌ను (యూఎస్‌బీ కేబుల్‌లోని విద్యుత్ సరఫరా లైను) గమనించే డిలేడ్ వర్క్‌ను (కొంత ఆలస్యంగా నడిచేలా కెర్నల్‌కు అప్పగించిన పని) హ్యాండ్లరే మళ్లీ షెడ్యూల్ చేస్తుంది. దాన్ని ఏ దశలో రద్దు చేయడం క్షేమమో కూడా అనుభవజ్ఞులు దయచేసి చెప్పగలరు.